అతుకు లేని పడవ

మా ఆయన చొక్కాలు ఉతకడానికి పనిమనుషులు ఒప్పుకోరు. ఒకసారి ఒప్పుకున్న మనిషి రెండోసారి మా వీధిలోకే రాదు. మేడ్చల్‌లో ఆయన పనిచేసే షెడ్డులో ఫైబర్ నీళ్ల ట్యాంకులు తయారవుతాయి. ఆ గాజుపొడి కాలర్లో కూర్చుని భద్రంగా ఇంటికొస్తుంది. ఉతికినవాళ్లకి మోచేతుల దాకా దురద. పదకొండేళ్లుగా ఆ దురద నాదే. పోనీ చొక్కాలతో ఆగారా? ఎవరింటికి భోజనానికి వెళ్లినా మేడెక్కి, వాళ్ల ట్యాంకుని వేలితో టకటకా కొట్టి, పెదవి విరిచి కిందికి దిగుతారు. పిలిచిన పాపానికి వాళ్లు వడ్డనతో పాటు ఆ తీర్పు కూడా భరించాలి.

ఇలాంటి మనిషి చేతికి పడవ పని అప్పగించింది నేనే.

మా తమ్ముడు బుల్లిబాబు ఉప్పాడ పక్కన మా ఊళ్లోనే సముద్రం మీద వేటకెళ్తాడు. రెండు వేల ఒకటిలో పాత పడవ మార్చాలనుకున్నాడు. ఒడ్డు దగ్గర చేప తగ్గిపోయింది. వంజరం కావాలంటే ఒడ్డు కనపడనంత దూరం వెళ్లి మూడు రోజులు అక్కడే ఉండాలి. పాత పడవలో ఐసు ఒక్కరోజుకే సరిపోయేది. చేప పడుతున్న చోటు వదిలేసి, పట్టింది పాడవకముందే వెనక్కి పరిగెత్తాల్సి వచ్చేది.

"వల కాదక్కా, ఐసుగదే చేపలు పడుతుంది" అనేవాడు ఫోన్లో.

"మీ బావ ఉన్నారుగా" అన్నాను. ఆ మూడు మాటలూ అనకుండా ఉంటే ఎంత బావుండేదో.

మా ఆయన ఆరు నెలలు పడవతోనే కాపురం చేశారు. షెడ్డు యజమాని జనార్ధన్ రెడ్డి గారు ఊళ్లో సగం ప్లాట్లు అమ్మిన మనిషి, ఆయనకూ హుషారు పుట్టింది. "మేడ్చల్ల సముద్రం పడవ! జీడిమెట్లోళ్లు సూసి కుళ్లాలె" అన్నారు. ముప్పై అడుగుల పడవ తయారైంది. అల ఎక్కడానికి ముక్కు ఎత్తుగా పెట్టారు. వెనక ఇంజను, ముందు వల పెట్టుకునే చోటు. నడుమ ఈ వైపు అంచు నుంచి ఆ వైపు అంచు దాకా ఐసుగది, పదడుగుల పొడవు, ఒకే పోత. ఎక్కడా అతుకు లేదు. అతుకంటే కారడం. ట్యాంకుల వాళ్ల మతంలో అతుకు మహాపాపం.

ఆదివారం మధ్యాహ్నం శామీర్‌పేట చెరువులో పడవని దింపారు. ఒక రౌండు తిప్పి చూసి, అట్నుంచి అటే లారీ ఎక్కించి కాకినాడ పంపాలని ఏర్పాటు. బుధవారం బుల్లిబాబు, మరో నలుగురు అందులో వేటకి వెళ్తారు.

బుల్లిబాబు ఆ పొద్దున్నే బస్సు దిగి వచ్చాడు. ఇంకా ఒడ్డునే ఉన్న పడవ చుట్టూ తిరిగాడు. ఐసుగది మూత తీసి లోపలికి చాలాసేపు చూశాడు. వాడి ముఖం నాకు తెలుసు. కొత్త చుట్టాల ఇంట్లో ఉప్పుకషాయం లాంటి పులుసు తింటున్నప్పటి ముఖం అది.

"ఎలా ఉందోయ్?" అన్నారు మా ఆయన.

"బావుంది బావా."

నేను వాణ్ణి లారీ వెనక్కి లాక్కెళ్లాను. "ఏమైందిరా?"

"లోపల అడ్డుపలకలు లేవక్కా. మూడో రోజుకి ఐసంతా నీళ్లే. పడవ కాస్త ఒరిగితే ఆ నీళ్లన్నీ ఆ పక్కకే పోతాయి. వాటెనకే పడవా పోద్ది."

"మరి చెప్పు!"

"బావకి నేనెలా చెప్తానక్కా? ఆరు నెల్లు కష్టపడ్డాడు. ఆ రెడ్డిగారి ముందా? నేనేదో సర్దుకుంటాలే."

మా ఇళ్లలో అక్క మొగుడి మాటకి ఎదురు చెప్పరు. మా నాన్న తన బావ ఇచ్చిన గుడ్డి ఎద్దుని ఆరేళ్లు మేపాడు. అయితే ఎద్దు నేల మీద నడుస్తుంది. వీడు మర్యాద కోసం నలుగురిని వెంటేసుకుని నడిసముద్రంలోకి పోతాడు.

నేనే వెళ్లి అడిగాను. "ఏమండీ, ఐసు కరిగితే పడవ ఒరగదా?"

"ఇసుక బస్తాలు వేసి చూశాం. అంగుళం కదల్లేదు."

"ఇసుక పారదు కదండీ?"

"నీకు తెలీదులే."

నేను కాకినాడలో బి.ఎస్సీ. చదివాను, భౌతికశాస్త్రం. ఆయనది డిప్లొమా. ఈ సంగతి మా ఇంట్లో మర్యాద కొద్దీ ఎవరూ ఎత్తరు. ఆ రోజూ ఎత్తలేదు. చిన్న ఎత్తు వేశాను.

"అయితే ఆ గదిలో సగం నీళ్లు నింపండి. నేనూ ఎక్కుతాను" అన్నాను, అందరికీ వినపడేలా. పెళ్లాం ఎక్కుతానంటే భయపడి మానేస్తారని నా లెక్క.

"చూశారా రెడ్డిగారూ, మా ఆవిడకి ఎంత నమ్మకమో!" అని ఆయన మురిసిపోయారు. నేను పెట్టిన ఉచ్చులో నా కాలే పడింది.

బుల్లిబాబు ముఖం పాలిపోయింది. మా ఊళ్లో ఆడవాళ్లు పడవెక్కరు. "అక్కా, నువ్వొద్దు" అన్నాడు. వెనక్కి తగ్గితే పడవ లారీ ఎక్కుతుంది. చీర కుచ్చిళ్లు ఎత్తి కట్టుకుని ఎక్కాను.

దేవరయాంజాల్ నుంచి వచ్చే షెడ్డు పనివాడు లింగస్వామి పంపు పెట్టి ఐసుగదిని సగం నింపాడు. తర్వాత అతన్నీ ఎక్కించారు.

"అమ్మా, నాకు ఈత రాదు" అన్నాడు నా పక్కన కూర్చుంటూ.

"నాకూ రాదు లింగస్వామీ."

"గట్లైతే ఒకలకొకలం తోడు తియ్యి."

మా ఆయన ఇంజను దగ్గర కూర్చున్నారు. బుల్లిబాబు ముందు, పడవతో పాటు కాకినాడ పంపడానికి కొన్న కొత్త వల దగ్గర. ఒడ్డున మొక్కజొన్న కంకులు తింటున్న ఎవరో చప్పట్లు కొట్టారు. పడవ నిటారుగా, దర్జాగా వెళ్లింది. చెరువు నడిమికి వచ్చాం. నా తప్పేమో, ఆయన లెక్కే సరైనదేమో అని సంతోషించబోయాను కూడా.

అప్పుడు ఆయన పడవని మలుపు తిప్పారు.

ముందు చప్పుడు వినపడింది. మా కాళ్ల కింద, పలక అవతల, పెద్ద జంతువేదో ఒత్తిగిల్లినట్టు. పడవ ఎడమకి ఒరిగింది. ఒరిగింది లేవలేదు. అంచుకీ చెరువు నీళ్లకీ మధ్య జానెడు మిగిలింది. తర్వాత నాలుగు వేళ్లు. ఆ నీళ్లు పచ్చగా, దగ్గరగా, నా ముఖం కోసమే వస్తున్నట్టున్నాయి.

"అమ్మో, మునిగినం!" అంటూ లింగస్వామి లేచి కుడి వైపుకి దూకాడు. నేనూ పాకాను. లోపలి జంతువు మా వెనకే వచ్చింది, మాకంటే జోరుగా. పడవ కుడికి పడింది. అంచు మీంచి నీళ్లు నా ఒళ్లోకి వచ్చాయి. బడికెళ్లే నా కూతురు సుప్రజకి రేపు జడ ఎవరు వేస్తారా అనుకున్నాను. అంతకంటే పెద్ద ఆలోచన ఏదీ రాలేదు.

"ఎవరూ కదలొద్దు! పడుకోండి! నడుమన పడుకోండి!"

అది మా బుల్లిబాబు గొంతని ఒక క్షణం పోల్చుకోలేకపోయాను. లింగస్వామీ నేనూ బోర్లా పడ్డాం. చెంప కింద ఫైబర్ వణుకుతోంది. బుల్లిబాబు మోకాళ్ల మీద పాకుతూ వచ్చి ఐసుగది మూత ఊడబెరికాడు. కొత్త వల మొత్తం, చుట్ట చుట్టలుగా, ఆ నీళ్లలోకి తోసేశాడు. "బావా, ఇంజను తగ్గించు! ముక్కు గాలికెదురు పెట్టు!"

లోపలి నీళ్లు వలలో చిక్కుకుని కదలిక తగ్గించాయి. పడవ ఇంకా ఊగుతోంది, కానీ ఊగి తిరిగి వస్తోంది. ఒడ్డు చేరేదాకా నేను తల ఎత్తలేదు. లింగస్వామి నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు. ఆ సంగతి ఇద్దరమూ తర్వాత ఎక్కడా చెప్పుకోలేదు.

దిగి బురదలోనే కూర్చున్నాను. మా ఆయన పడవ చుట్టూ తిరుగుతూ వేలితో కొడుతున్నారు, టకటకా.

"గాలి ఎక్కువైంది" అన్నారు. "లింగస్వామి లేవకుండా ఉండాల్సింది" అని కూడా అన్నారు.

"లేవకుంటే ఆడ్నే పండుతుంటి సారూ, చెర్వుల" అన్నాడు లింగస్వామి, లుంగీ పిండుకుంటూ.

జనార్ధన్ రెడ్డి గారు కట్ట మీద నుంచి నవ్వుతూ దిగివచ్చారు. దూరం నుంచి ఆయనకి కాస్త ఊగిన పడవే కనపడింది. "ఏంది సారూ, తేలింది గదా! ఇగ లారీ ఎక్కియ్యమంటరా? డ్రైవర్ జల్దీ జల్దీ అని లొల్లి వెడ్తుండు."

మా ఆయన పడవ అంచు తడుముతున్నారు. బుల్లిబాబు ఆయన ముఖం చూశాడు. నేను భయపడుతున్న మాటే వాడి నోటి నుంచి వచ్చింది.

"ఎక్కించండి. ఏం పర్లేదు బావా, నేను సర్దుకుంటాను."

చెరువు నడుమ కంటే ఇప్పుడే ఎక్కువ భయమేసింది. అక్కడ ఒడ్డు కనపడింది. వీడు సర్దుకునే చోట కనపడదు. నేను ఎంత అరిచినా వాడు వినడు. బావ చేసిన పడవని బావే కాదనాలి. నేను మా ఆయన వైపు చూశాను.

లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. రెండు మూడుసార్లు కొట్టాడు.

"ఎక్కించొద్దు" అన్నారు మా ఆయన.

"అదేంది సారూ?"

"తప్పు గాలిది కాదు రెడ్డిగారూ. లింగస్వామిదీ కాదు. నాది. పడవ చెయ్యమంటే ట్యాంకు చేశాను." ఆయన బుల్లిబాబు వైపు తిరిగారు. "నువ్వు పొద్దున్నే చూశావు కదూ?"

వాడు తల దించుకున్నాడు. "చూశాను బావా."

"నాకు చెప్పలేకపోయావు. చెప్పనివ్వని మనిషిని నేనే. అదీ నా తప్పే."