బూడిదరంగు పట్టీ

ఆ చర్మవ్యాధుల ఆసుపత్రిలో ఫోటోలు తీసే మనిషిని అందరూ ఫోటోలమ్మ అనేవారు. పదకొండేళ్లుగా తామర, గజ్జి, చీము పొక్కులు ఫిల్ముకెక్కించింది, ఏనాడూ ముక్కు చిట్లించలేదు. అలాంటిది ఆ మంగళవారం డాక్టరుగారి గదిలో, శుభ్రమైన గోడను చూసి ముక్కు చిట్లించింది.

బుగ్గలు మండుతున్నాయని ఏడుస్తూ వచ్చిన తన పిన్నిని తనే వెంటబెట్టుకొచ్చింది. డాక్టరు లైటు తీసి, ప్రొజెక్టరుతో గోడమీద రెండు స్లైడ్లు వేశాడు. రెండూ ఫోటోలమ్మ తీసినవే, రెండూ పిన్ని ముఖమే. ఒకదాంట్లో బుగ్గల నిండా నల్లటి మంగు మచ్చలు. రెండోది డాక్టరు సొంత లేపనం రాశాక, పోయిన నెల తీసింది. అందులో బుగ్గలు తెల్లగా, నున్నగా మెరుస్తున్నాయి.

"పోయిన నెల చూపించాను కదమ్మా, ఎంత తేడానో! మంట పుడుతోందంటే మందు పనిచేస్తోందన్నమాట. ఇంకో మూడు నెలలు రాయండి."

పిన్ని టైలరు. వంకర కుట్టు ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది. అలాంటి మనిషి, కమిలి పొట్టులేస్తున్న బుగ్గతో, గోడవైపు చూసి తలూపింది.

ఫోటోలమ్మ బుగ్గలు చూడలేదు. పిన్ని మెడలో ఎప్పుడూ వేలాడే కొలత టేపును చూసింది. పసుపు టేపు గోడమీద సుద్దలా తెల్లగా ఉంది. లేపనం టేపుకి కూడా రాశారా ఏమిటి!

ఆమె కెమెరా పాతకాలపుది, అన్నీ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఫ్లాష్ విషయంలో మాత్రం మహా తెలివైనది. ఫ్లాష్ వెలుగు ముఖానికి తగిలి, లెన్సులోంచి వచ్చి ఫిల్ము మీద పడుతుంది. కెమెరా లోపలున్న చిన్న కన్ను ఆ ఫిల్మునే చూస్తూ, చాలినంత పడగానే ఫ్లాషును ఆపేస్తుంది. నీళ్లు పోస్తుంటే గ్లాసు నిండగానే "చాలు" అన్నట్టు. ఆ గ్లాసు ఎంతదో మాత్రం దానికి తెలియదు. ఫిల్ము వేగం నూరు అని, పైనున్న చక్రం తిప్పి మనమే చెప్పాలి; అంకె తగ్గితే గ్లాసు పెద్దదన్నట్టు. ఇరవైఐదు అని అబద్ధం చెబితే పాపం నమ్మి, నాలుగింతల వెలుగు పోయించుకుంటుంది. మంగేమిటి, మసిబొగ్గైనా అప్పుడు తెల్లబడిపోతుంది. ఆ చక్రం పైకి ఎత్తి తిప్పితే తప్ప తిరగదు, పొరపాటున తిరిగే ప్రశ్నే లేదు.

"ఆ రోజు నా చక్రం ఎవరు తిప్పారు సార్?"

"ఏ చక్రం? ఇరవైఐదో నూరో నాకేం తెలుసు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! ఆమె అసలు అంకె ఎత్తలేదు.

తన నోరు జారిందని ఆయనకీ తెలిసింది. తెలిసీ నవ్వాడు. "కాస్త వెలుగు ఎక్కువైతే ఏం పోయింది? ఆవిడ సంతోషపడింది. సంతోషమే సగం బలం అన్నారు."

ఛీ అనిపించింది. ఇన్నేళ్ల చీములోనూ ఇంత కుళ్లు చూడలేదు. రోగం తానేం చేస్తోందో తెలియకుండా వస్తుంది, ఈయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ కోటు వేసుకుని మరీ వచ్చాడు.

ప్రొజెక్టరులోంచి రెండో స్లైడు ఊడబెరికింది. అంచున నల్ల కాగితం అంటించి ఉంది. గోటితో గీకి, మళ్లీ వేసింది. వెలుగు సరిగ్గా పడిందో లేదో పోల్చుకోవడానికి ప్రతి ఫోటోలోనూ ఆమె రోగి గడ్డం కింద పెట్టే బూడిదరంగు పట్టీ బయటపడింది. గోడమీద అది సున్నంలా ఉంది. తన కోటు జేబులోంచి అసలు పట్టీ తీసి దాని పక్కనే ఆనించింది.

"పిన్నీ, అదీ ఇదీ ఒకటే. నీ టేపు కూడా చూడు. తెల్లబడింది నీ బుగ్గ కాదు, బొమ్మ."

పిన్ని మెడలో టేపును పట్టుకుని, గోడమీది టేపుతో పోల్చి చూసింది.

"అద్దంలో చూసినప్పుడల్లా కాలినట్టే ఉండేదే. ఆ అద్దమే పాతదైపోయి చెడిందనుకున్నా. ఫోటో తీసింది నువ్వు కదా!"

పదకొండేళ్లుగా ఫోటోకి ముందు చక్రం చూడటం ఫోటోలమ్మకు అలవాటు. ఆ రోజు మాత్రం పిన్నితో కబుర్లలో పడి, చూడకుండానే నొక్కేసింది. ఆయన మీద పుట్టిన అసహ్యంలో సగం వెనక్కి తిరిగి తన ముఖానే పడింది.

ఫోటోల గదికి వెళ్లి కెమెరా తెచ్చింది. చక్రం నూరు మీదే ఉంది. అయినా ఇంకోసారి వేలితో తడిమింది. పిన్ని గడ్డం కింద పట్టీ పెట్టింది.

"లైటు వెయ్యండి సార్," అంది.

డాక్టరు కదల్లేదు. పిన్నే లేచి వేసింది.