ఇంటిల్లిపాదికీ ఒకటే చెవి

మా ఇంట్లో చప్పుడు చేసే వస్తువు ఏది కొన్నా ముందు నాకు వినిపించాలి. ఇది మా మామగారు పెట్టిన ఆనవాయితీ. నేను కొత్త కోడలిగా ముంబైలో దాదర్ పార్సీ కాలనీలోని ఈ ఇంటికి వచ్చిన రోజుల్లో, హాల్లో ఫ్యాను కింద కూర్చుని, "దీని బేరింగు పోతోంది పప్పా" అన్నాను. అందరూ నవ్వారు. వారం తిరక్కుండా ఫ్యాను ఆగిపోయింది. అప్పట్నుంచి కారు ఇంజను, కుక్కరు కూత, గోడ గడియారం, ఆఖరికి మా ఆడపడుచుకి వచ్చిన సంబంధంలో పెళ్లికొడుకు నవ్వు కూడా నేనే విని సరేనన్నాను. కాలనీ పిల్లలకి పియానో నేర్పేదాన్ని కాబట్టి నా మాటకి తిరుగులేదు. "ఫ్రేనీ చెప్పిందంటే అంతే" అనేవాళ్లు. నేనూ మురిసిపోయేదాన్ని, అబద్ధం ఎందుకు.

ఆ చెవులే ఇప్పుడు పోతున్నాయి.

ముందు కాలింగ్ బెల్లు పోయింది. అది పిట్టలా కూసే బెల్లు. తలుపు బయట చేపలవాడు నిలబడి నిలబడి వెళ్లిపోతే, వాడికి ఒళ్లు బలిసిందని నేనే తిట్టాను. తర్వాత ఒకరోజు పియానో దుమ్ము తుడుస్తూ కుడివైపు చివరి మెట్లు నొక్కాను. స్వరం రాలేదు. చెక్క తగిలిన టక్ టక్ ఒక్కటే వచ్చింది. తీగ తెగిందేమోనని మూత ఎత్తి చూశాను. తీగలన్నీ బాగానే ఉన్నాయి. డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. సన్నటి శబ్దాలు పోయాయనీ, తిరిగి రావనీ, చెవికి మిషను పెట్టుకుంటే మాటలవరకూ ఇబ్బంది ఉండదనీ చెప్పాడు. మళ్లీ వస్తానని చెప్పి వచ్చేశాను, వెళ్లలేదు. నా మొగుడు కెర్సీకి కూడా చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, మా అత్తగారు. ఆవిడ మాటకి ఒకప్పుడు కాలనీ మొత్తం హడలిపోయేది. పాలవాడి దగ్గర్నుంచి ఫైర్ టెంపుల్ ట్రస్టీల దాకా అందరితోనూ గొడవే. ఆవిడకి చెవుడొచ్చాక మొదట్లో అందరం అరిచి చెప్పాం. తర్వాత "ఏంలేదు మమ్మా, ఏంలేదు" అన్నాం. ఇప్పుడు ఆవిడ ఏమన్నా తలూపుతాం. ఎవరూ ఆవిడతో పోట్లాడరు. మా ఇళ్లల్లో మనిషిని మనిషిగా చూస్తున్నారనడానికి గుర్తు పోట్లాటే. ఆవిడ కిటికీ పక్కన పడక్కుర్చీలో శాలువా కప్పుకుని అందర్నీ చూసి నవ్వుతూ ఉంటుంది. ఆ పక్కన ఇంకో కుర్చీ వెయ్యడానికి బోలెడంత చోటుంది.

ఇలాంటి సమయంలో మా మరిది నోజర్‌కి స్పీకర్ల పిచ్చి పట్టింది.

మా రెండు కుటుంబాలకీ హాలు ఒక్కటే. పడగ్గదులూ వంటిళ్లూ వేరు. ఆదివారం సాయంత్రాలు మాత్రం అందరం ఆ హాల్లో చేరి పాటలు వినాలి. మామగారి పాత రేడియోగ్రామ్ ఇక బాగుపడదని తేలిపోయింది. "ఇంత పెద్ద హాలుకి డబ్బా స్పీకర్లు పెడితే పప్పా ఆత్మ క్షోభిస్తుంది" అని నోజర్ మొదలెట్టాడు. మనిషెత్తు స్పీకర్లు కావాలన్నాడు. నోజర్ పెళ్లాం పెరీన్ సన్నగా తెల్లగా ఉన్నవి కావాలంది, సోఫాలకి నప్పుతాయని. కెర్సీ బీరువాల్లా ఉన్న చెక్కవి కావాలన్నాడు, బరువుంటేనే నమ్మకమట. ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. తూర్పు గోడకి జరథుష్ట్ర పటం, దాని కింద ఎప్పుడూ ఆరని దీపం. ఆ పక్కన పెడితే అదురుకి దీపం కొండెక్కుతుందని పెరీన్. పడమట పెడితే గుంజకి తగిలి మోత మోగుతుందని నోజర్. నెల రోజులు ఇదే సంత. నేను నోరు మెదపలేదు. ఎవరూ ఒక కొలిక్కి రాకుండా ఈ గొడవ ఇలాగే సాగాలని మొక్కుకున్నాను.

"ఎవరి గోల వాళ్లదే. వదిన విని చెప్తుంది, అయిపోతుంది" అన్నాడు నోజర్ చివరికి.

ఒపేరా హౌస్ దగ్గర కొట్టున్న హుజెఫా భాయ్‌ని పిలిచారు. బోహ్రా ముస్లిం ఆయన, పెద్దమనిషి, పెద్ద ఇళ్లన్నిటికీ ఆయనే స్పీకర్లు పెడతాడు. కొట్లో వినడం వేరు, ఇంట్లో వినడం వేరనీ, రెండు జతలు ఇంటికే తెస్తాననీ, ఏది నచ్చితే అది ఉంచుకోమనీ అన్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఖాయం చేశారు.

ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు. ఆలోచించి ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. నోజర్ కూతురు తేనాజ్‌కి పదహారేళ్లు, పాము చెవులు. నచ్చకపోతే ముక్కు చిట్లిస్తుంది, నచ్చితే నోరు తెరుస్తుంది, దాచుకోవడం తెలీదు దానికి. దాని మొహం చూసి చెప్పేస్తే సరి అనుకున్నాను. కాస్త ప్రాణం కుదుటపడింది.

ఆదివారం వచ్చింది. గడపకి అచ్చులతో ముగ్గు అద్దారు. పెరీన్ కుంకుమ గిన్నె, పూలదండా సిద్ధం చేసింది, కొత్త స్పీకర్లకి బొట్టు పెట్టడానికి. తీపి సేమియా సేవ్, పెరుగు గిన్నెలు బల్ల మీదకి వచ్చాయి.

"ఆదివారం పూట ధన్‌శాక్ లేదా? ఇదేం ఇల్లు?" అని నోజర్ వంటింట్లోంచి అరుచుకుంటూ వచ్చాడు.

"శుభమా అని కొత్త వస్తువు వస్తుంటే పోయినవాళ్ల నాలుగో రోజున తినే పప్పుమాంసం కూడు వండమంటావా? నీ చెవులతోపాటు బుర్ర కూడా పోయిందా?" అంది పెరీన్.

"నా చెవులకేం? గుర్రంలా ఉన్నాయి!"

"గుర్రం కాదు, దాని తమ్ముడు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

హుజెఫా భాయ్ మనుషులు పెట్టెలు మోసుకొచ్చి, సర్ది, వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే మిగిలి వెనకాల తీగలు బిగించాడు. ఒక జత తెల్లవి, ఒక జత చెక్కవి. అంతలో నోజర్ దుప్పట్లు పట్టుకొచ్చాడు.

"చూపులకి మోసపోకూడదు. తెర కడదాం. ఏది మోగుతోందో హుజెఫా భాయ్‌కి తప్ప ఎవరికీ తెలీకూడదు" అన్నాడు.

తెర కడితే నాకేం, తేనాజ్ మొహం కనిపిస్తే చాలు. అలా అనుకుంటూ గోడవారగా కుర్చీ లాక్కున్నాను.

"అక్కడ కాదు మేడమ్" అన్నాడు హుజెఫా భాయ్. "రెండు స్పీకర్లకీ సరిగ్గా నడిమధ్యన ఒక్క కుర్చీ. అసలు వినికిడంతా అక్కడే."

నోజర్ నా భుజాలు పట్టుకుని తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు, పట్టాభిషేకంలాగ. మిగతావాళ్లంతా నా వెనక వరసలో కూర్చున్నారు, తేనాజ్ కూడా. నా ముందు దుప్పటి తప్ప ఇంకేం లేదు. వెనక్కి తిరిగి చూద్దామంటే ఏ సాకూ తోచలేదు.

హుజెఫా భాయ్ తెచ్చిన ప్లేయర్ మీద మామగారికి ఇష్టమైన రికార్డు పెట్టారు, వయొలిన్ల కచేరి. మొదటి జత మోగింది. నాకు పక్కింటి వాళ్ల గోడ అవతల నుంచి వచ్చినట్టు వినిపించింది. వెనక ఎవరో దగ్గారు, కుర్చీ కిర్రుమంది. అదే పాట రెండో జతలో మోగింది. మళ్లీ అదే గోడ అవతల నుంచి. ఒక్క వెంట్రుక వాసి తేడా కూడా తెలియలేదు నాకు. కానీ ఈసారి వెనక చీమ చిటుక్కుమనలేదు. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు. లీనమైపోయారు, ఇదే మంచిది అని నిశ్చయించుకున్నాను.

పాట ఆగింది. అందరూ నా మాట కోసం చూస్తున్నారు.

"రెండోది" అన్నాను. "ఎంత మెత్తగా ఉందో! మొదటిది చెవిలో గుచ్చుకుంది."

"అదీ! నేనూ అదే అనుకున్నా" అన్నాడు కెర్సీ. "వెన్న. అచ్చం వెన్న."

"మఖ్‌మల్ బట్టలా ఉంది" అంది పెరీన్.

నోజర్ కొంచెం గొణిగాడు. "నాకు కంబళి కప్పుకుని వింటున్నట్టుందేంటి..."

"కంబళి నీ బుర్ర మీదుంది" అంది పెరీన్. "ఫ్రేనీ చెప్పాక ఇంకేంటి?"

"సరే, సరే. ఇప్పుడాలోచిస్తే నిజమే, గంభీరంగా ఉంది" అన్నాడు నోజర్.

నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అప్పుడు దుప్పటి కదిలి హుజెఫా భాయ్ తల బయట పెట్టాడు. మొహం వింతగా పెట్టాడు.

"రెండోదా? రెండోదన్నారా?" అని మళ్లీ లోపలికి వెళ్లాడు. ఫోను లైటు అటూ ఇటూ తిరిగింది. బయటికి వచ్చి అరచెయ్యి చాపాడు. చేతిలో వేలెడంత ఇత్తడి పలకలున్నాయి.

"క్షమించాలి, తప్పు నాదే. రెండో జతవి కొట్లో తుడవడానికి విప్పి, బిగించడం మరిచిపోయాను. ఇవి లేకపోతే పైనున్న చిన్న స్పీకర్లకి కరెంటు అందదు. ఇంతసేపూ సన్నటి శబ్దం ఒక్కటి కూడా రాలేదు. మీకెవరికీ తేడా తెలియలేదా?"

నోజర్ పగలబడి నవ్వాడు.

"వెన్నట, వెన్న! అన్నయ్యా, నీ వెన్నకి పైసగం లేదు! నేను కంబళి అంటే నా మీద పడ్డారు!" అని నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వు కావాలనే అన్నావు కదూ? మేం గొర్రెల్లా తలూపుతామా లేదా అని పరీక్ష పెట్టావు!"

ఆ మాటతో నాకు దారి దొరికింది. నేను అడక్కుండానే నోజర్ తలుపు తెరిచి పట్టుకున్నట్టయింది.

"మరేమనుకున్నావు?" అన్నాను. "ఇంట్లో ఒక్కరికైనా సొంత చెవులున్నాయేమో చూద్దామని."

గదంతా గొల్లుమంది. కెర్సీ సిగ్గుపడి చెవి పట్టుకున్నాడు. నేనూ నవ్వుతూ వెనక్కి తిరిగి కూర్చున్నాను. హుజెఫా భాయ్ పలకలు బిగించి, దుప్పటి తీసేసి, రెండో జతలో అదే పాట మళ్లీ పెట్టాడు.

ఇప్పుడు వాళ్ల మొహాలు నాకు ఎదురుగా ఉన్నాయి. పెరీన్ చెయ్యి గుండెల మీదికి వెళ్లింది. నోజర్ నవ్వు ఆగిపోయింది. కెర్సీ కళ్లు మూసుకుని మెల్లగా తల వెనక్కి వాల్చాడు. పెళ్లైన కొత్తలో నేను వాయిస్తుంటే అలా వాల్చేవాడు. హాలంతా ఏదో వచ్చి నిండింది. నాకు మాత్రం గోడ అవతల వయొలిన్లే, ఇందాకటివే. ఏమీ మారలేదు. అందరూ ఒక ఊరికి వెళ్లిపోయి నన్నొక్కదాన్నే ఇక్కడ వదిలేసినట్టుంది.

"పెద్దమ్మా, పాటలో ఆ గంట!" అంది తేనాజ్ నా చెయ్యి పట్టుకుని. "ఎంత ముద్దుగా ఉంది! ఇందాకట్నుంచీ మోగుతూనే ఉంది, విన్నావా?"

"ఏ గంట?" అన్నాను.

అనేశాక తెలిసింది, ఏమన్నానో.

"అదిగో, మళ్లీ. ఇప్పుడు. పెద్దమ్మా, ఇప్పుడూ?"

తేనాజ్ నా కళ్లలోకి చూస్తూ వేలు ఎత్తింది, దించింది, మళ్లీ ఎత్తింది. నోజర్ లేచి పాట ఆపేశాడు. అందరూ నన్నే చూస్తున్నారు. ఇంకో అబద్ధం ఆడే ఓపిక లేకపోయింది.

"నాకు వినపడలేదు" అన్నాను. "ఆ పలకలు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఏడాదిగా ఇంతే. మాటలు వినపడతాయి. సన్నటివి వినపడవు."

తిడతారనుకున్నాను. ఏడాది దాచినందుకు కెర్సీ గొడవ చేస్తాడనుకున్నాను, నోజర్ నా ఫ్యాను కథ తీసి జన్మకి సరిపడా వెక్కిరిస్తాడనుకున్నాను. వాటికి జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. కెర్సీ వచ్చి నా ముందు వంగి, మాటమాటా విడదీసి అరిచాడు.

"ఫ్రేనీ! చాయ్! తాగుతావా?"

"తాగుతాను. అరవకు" అన్నాను.

పెరీన్ నా ఒళ్లో శాలువా వేసింది. మే నెలలో! ఆ తర్వాత వాళ్లలో వాళ్లే గుసగుసగా మాట్లాడుకున్నారు. నెల రోజులు తేలని విషయం రెండు మాటల్లో తేలిపోయింది. రెండో జతే బాగుంది, పడమటి గోడకి పెడదాం అనుకున్నారు. నన్ను అడగలేదు. ఆ గుసగుసలు ప్రతి ఒక్కటీ నాకు వినపడ్డాయి.

ఒళ్లు మండింది నాకు. వీళ్లని ఎలాగైనా నా మీదకి రప్పించాలి. నోజర్‌ని కదిలిస్తే చాలు, అగ్గిమీద గుగ్గిలం. ఎంత పిచ్చి మాట దొరుకుతుందా అని వెతికి, శాలువా విసిరికొట్టి లేచాను.

"ఆగండి! రెండోది కొంటే కొనండి. కానీ ఆ పలకలు తీసెయ్యాలి. ఇందాకట్లాగే మోగాలి. ఈ ఇంట్లో ఇక ఎప్పుడూ అలాగే మోగాలి. నాకు అదే బాగుంది!"

నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఎగురుతాడు, నెత్తి కొట్టుకుంటాడు, 'పిచ్చెక్కిందా వదినా, అంత పెట్టి కొని సగం మూసెయ్యమంటావా' అని కాలనీ అంతా వినపడేలా అరుస్తాడు అని ఎదురుచూశాను. అరవరా నాయనా, ఒక్కసారి అరిచెయ్ అని లోపల్లోపల బతిమాలుకున్నాను.

నోజర్ కెర్సీ వైపు చూశాడు. కెర్సీ తలూపాడు. అప్పుడు నోజర్ నా దగ్గరికి వచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"అలాగే వదినా. నీకు ఎలా కావాలంటే అలాగే."

హుజెఫా భాయ్ వాళ్ల మొహాలు ఒకసారి చూసి, స్పీకర్ల వెనక్కి వెళ్లి వంగాడు. పలకలు విప్పుతున్నాడు. ఎవరూ వద్దనలేదు. తేనాజ్ కూడా వద్దనలేదు. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.