మంచు మీద పాలు

మంచు మీద పాలు పడితే కనిపించవు.

తెలుపు మీద తెలుపు. వెచ్చటి పాలైతే ఒక్క క్షణం ఆవిరి లేస్తుంది, అంతే. ఎక్కడ పడ్డాయో, ఎటు సాగాయో, ఎంత వంగి చూసినా తెలియదు.

శోల్పాన్ వంగి చూసింది. మోకాళ్ళ మీద కూలబడి చూసింది. గుమ్మం నుంచి బొగ్గుల కొట్టం దాకా వట్టి చేతులతో మంచు తవ్వుకుంటూ చూసింది. బొగ్గుగనుల ఊరు కరగండాలో మార్చి అంటే పేరుకే వసంతం. వేళ్ళు మొద్దుబారిపోయాయి. కోటు లోపల, గుండెకి ఆనించుకున్న డబ్బాలో, రెండో పాము వెచ్చగా ఉంది.

మొదటిది ఎక్కడుందో మంచుకే తెలియాలి.

*

మొదటి పాము ఆమె కోరి తెచ్చుకున్నది కాదు.

మొగుడు తెచ్చాడు. ఏది తెచ్చినా నాలుగు రోజుల ముచ్చటే ఆ మనిషికి — గిటారు, చేపల వల, పెళ్ళాం. ఆకులు రాలే కాలంలో అస్తానాలో ఇంకో కాపురం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ ఇంట్లో వదిలేసినవి కన్నతల్లి, కట్టుకున్నది, గాజుపెట్టెలో పాము.

కోడలు పుట్టింటికి పోలేదు. పొమ్మని అత్త అనలేదు. పాముని ఎవరూ అడగలేదు.

"మొగుడు పోయినా పాము పోలేదటగా!" అని రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్ళు నవ్వేవారు.

"పోయినవాడి కంటే ఇదే నయం. బూట్లు విప్పి ఇంటి నడిమధ్య పడేయదు," అనేది అత్త కుల్యాష్ ఆపా, రొట్టె సంచిలో వేసుకుంటూ. పెద్ద ఆడవాళ్ళని అక్కడ ఆపా అనే పిలుస్తారు.

విషం లేని పాము. ఎండిన ఆప్రికాట్ పండు రంగు. అక్కడ ఆ పండుని ఓరిక్ అంటారు. పాము పేరూ అదే అయింది.

మొదట్లో కష్టంగా ఉండేది శోల్పాన్‌కి. గడ్డకట్టిన ఎలుకపిల్లని గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి పట్టకారుతో అందించడం... మొహం తిప్పుకునేది. తర్వాత నేర్చుకుంది. పెట్టె అడుగున పలక ఎంత వేడిగా ఉండాలో, తిన్నాక ఎందుకు ముట్టుకోకూడదో, ఎప్పుడు దాని జోలికి వెళ్ళకూడదో. మొహం తిప్పుకోవడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలియదు.

ఓరిక్ మణికట్టుకి చుట్టుకునేది. వేళ్ళ సందున తల పెట్టుకుని అలా ఆగిపోయేది.

చలికాలం పొడుగునా ఆమెని ముట్టుకున్న ప్రాణి అదొక్కటే.

కుల్యాష్ ఆపా కూడా పెట్టె దగ్గరికి వచ్చి గాజుకి ముక్కు ఆనించి చూసేది. ఆమె రెండు కళ్ళలోనూ పాలపొర. శుక్లాలు. ఆపరేషన్ అంటే "వసంతం రానీ" అనేది. వసంతం వస్తే "వేసవి రానీ" అనేది.

పాము కళ్ళలోనూ పాలు కమ్ముతాయి — కుబుసం విడిచే ముందు. ఒళ్ళు బూడిద కొట్టుకుపోతుంది. చూపు మసకేస్తుంది. ఎవరినీ దగ్గరికి రానివ్వదు. తర్వాత పాత చర్మంతో పాటు కళ్ళ మీది పొర కూడా ఊడిపోతుంది.

"దీని అదృష్టం చూడవే," అనేది కుల్యాష్ ఆపా. "డాక్టరూ లేడు, కత్తీ లేదు. రాయికి ముక్కు రాసుకుంటే చాలు, కొత్త కళ్ళొచ్చేస్తాయి."

*

రెండో పాము మాట ముందు అన్నది అత్తే.

"ఒంటరితనం దేవుడికే చెల్లుతుందే పిల్లా. మనకి కాదు, పాముకీ కాదు. దానికో తోడు తీసుకురా."

శోల్పాన్ నవ్వేసింది. నవ్వేసింది గానీ మాట లోపల పడింది. పడి, మెల్లగా మొలకెత్తింది.

అల్మాటీలో ఎర్దెన్ అని ఒకాయన పాములు పెంచి అమ్ముతాడు. ఫోన్‌లో రోజుకో వీడియో పెడతాడు. బస్సులో చూసేది. టీ మరిగేలోపు చూసేది. నల్లచారలది. గోధుమరంగుది. తెల్లది.

తెల్లది...

ఒక్క చార లేదు. ఒక్క మచ్చ లేదు. దానిమ్మగింజ కళ్ళు.

ఎర్దెన్ మంచివాడు. అమ్మేవాడు చెప్పకూడనివన్నీ చెప్పాడు.

"మొదటిదాన్ని చేపట్టి ఏడాదైనా కాలేదు కదా చెల్లెమ్మా. ఇంకొన్నాళ్ళు ఆగండి. తప్పదంటే ఈ గోధుమరంగుదాన్ని తీసుకోండి. మొండి ప్రాణం. మీరో తప్పు చేసినా తట్టుకుంటుంది. ఆ తెల్లదానికి అన్నీ సరిగ్గా కుదరాలి."

"నాకు తెల్లదే కావాలి."

"సరే, మీ ఇష్టం. రెండింటినీ ఒకే పెట్టెలో మాత్రం పెట్టకండి."

"తోడుగా ఉంటాయని..."

"పాముకి తోడు అక్కర్లేదు చెల్లెమ్మా. తోడు కావలసింది ఎవరికో మీరే చూసుకోండి."

ఆమె ఫోన్ పెట్టేసింది. కోపం వచ్చింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, ఊరికే అనరు.

మొదటి పాము మొగుడిది. ఇల్లు మొగుడిది. పొయ్యి, పొయ్యి మీది మూకుడు, ఆఖరికి అత్త కూడా మొగుడి తరఫు మనిషే. వీటన్నిటి మధ్యా తను ఏరుకున్నది ఒక్కటి ఉండాలనిపించింది. తన కళ్ళతో చూసి, తన నోటితో "ఇది కావాలి" అన్నది.

అది తప్పు కాదు. ఇప్పటికీ తప్పనిపించదు ఆమెకి.

తప్పు ఆ తర్వాతది.

*

బయల్దేరిన రోజు పొద్దున ఓరిక్ కళ్ళు పాలరంగులో ఉన్నాయి.

చూసింది.

చూడలేదని తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా — చూసింది. కుబుసం విడిచిన పాము ఆకలితో తిరుగుతుందనీ, సందు వెతుక్కుంటుందనీ, తలతో మూత తోస్తుందనీ తెలుసు. ఇలాంటప్పుడు ఇల్లు వదలకూడదనీ తెలుసు. కానీ తెల్లదాన్ని ఇంకెవరో అడుగుతున్నారట. శనివారం దాకే ఆపుతానన్నాడు ఎర్దెన్.

తెల్లదాన్ని తేవడానికి ఒక ప్లాస్టిక్ డబ్బా దొరికింది. దాని మూతకి క్లిప్పులు లేవు. ఓరిక్ పెట్టె మూతకున్న క్లిప్పులు ఊడదీసి ఈ డబ్బాకి బిగించింది. ఓరిక్ మూత మీద బరువుకి ఇనప మూకుడు పెట్టింది.

కొత్తదాని భద్రం కోసం పాతదాని భద్రం తీసేసింది. అప్పుడు ఆమెకి అలా అనిపించలేదు. రెండు క్లిప్పులే కదా అనిపించింది.

"మూకుడు తియ్యకు ఆపా" అని ఒక్క ముక్క చెప్పాలి. రైలుకి వేళయింది. చెప్పలేదు.

డబ్బాలోకి తెల్లదాన్ని దించుతూ ఎర్దెన్ అడిగాడు. "ఇంట్లోది బాగుందా?"

"బాగుంది," అంది శోల్పాన్.

*

తిరిగొచ్చేసరికి ఇంటి నిండా నూనె వాసన. బల్ల మీద నూనెలో వేయించిన పిండివంట, బౌర్సాకులు, కుప్పపోసి ఉన్నాయి — బంగారు రంగులో పొంగి, ఇంకా వెచ్చగా. కోడలు వస్తోంది. కొత్త ప్రాణి వస్తోంది. నౌరుజ్ పండుగ దగ్గరికొచ్చింది. ఇన్ని మంచి సంగతులకి వట్టి బల్లతో ఎదురెళ్తారా ఎవరైనా?

అందుకని కుల్యాష్ ఆపా నిన్న సాయంత్రమే పెట్టె మీది మూకుడు తీసింది. ఇంకో వాయి ఇప్పుడే దించింది.

ఎంత సంతోషంగా చెప్పింది! ఆ మొహం అలా వెలగడం శోల్పాన్ ఎన్నడూ చూడలేదు.

"కూర్చో, కూర్చో, నీకో మాట చెప్పాలి. నిన్న నేను పిండి వంట చేస్తున్నానా... గుమ్మం దగ్గర బూట్ల పక్కన తళుక్కుమంది. పాము! మన ఓరికే బయటికొచ్చిందేమోనని పెట్టె దగ్గరికి పరుగెత్తాను. లేదే! ఓరిక్ పెట్టెలోనే ఉంది, మూల చుట్టచుట్టుకుని, బుద్ధిగా. మళ్ళీ వచ్చి చూద్దును కదా, ఇది తోమిన ఇత్తడి సమోవార్ లాగా నిగనిగలాడిపోతోంది. వారం నుంచి బూడిద కొట్టుకుపోయి ఉంది మన ఓరిక్. దానికంత కళ ఎక్కడిది?"

శోల్పాన్ పెట్టె వైపు చూసింది.

మూల ఉన్నది కుబుసం.

తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగని కుబుసం. కళ్ళ పొరలతో సహా ఊడిన కుబుసం. పాములు పెంచేవాళ్ళు చూసి మురిసిపోయే మంచి కుబుసం. మూత దానంతట అదే మళ్ళీ వాలి ఉంది.

"ఈ మంచులో ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందంటే అది పాము కాదే, అతిథి! నేనేం భయపడలేదు. ఇంట్లోకొచ్చిన పాముని పాలు పోసి సాగనంపాలి కదా, తల మీద పాలు పోశాను. టీకి కాచిన వెచ్చటి పాలు. బొగ్గు పార మీదికి ఎక్కించుకుని, గుమ్మం దాటించి, కొట్టం దగ్గర వదిలాను. మంచితో వచ్చావు, మంచితో వెళ్ళు, అన్నాను. ఎంత మర్యాదగా వెళ్ళిందనుకున్నావు! ఒకసారి ఆగి వెనక్కి కూడా చూసింది."

వెనక్కి చూసింది.

"నాకేం కావాలి, ముసలిదాన్ని? నీ కోసమే అడిగాను. వెళ్తూ వెళ్తూ నా కోడలి ఒంటరితనం తీసుకుపో తండ్రీ, అన్నాను."

అప్పుడు లేచింది శోల్పాన్. కోటు కూడా విప్పకుండా బయటికి పరుగెత్తింది. అప్పుడే మోకాళ్ళ మీద కూలబడింది. అప్పుడే తవ్వింది.

"ఏం వెతుకుతున్నావే?" అత్త గుమ్మంలోంచి అరిచింది.

ఆ గొంతులో ఇంకా పండుగ ఉంది.

"చెవిపోగు... చెవిపోగు పడిపోయింది ఆపా."

"పిచ్చిదానా, చేతులు పగిలిపోతాయి! లోపలికి రా. మంచు కరిగితే అదే దొరుకుతుంది."

*

చెప్పొచ్చు. ఆ పూటే చెప్పొచ్చు.

ఏమని చెప్పడం? నువ్వు సాగనంపింది అతిథిని కాదు, మన ఇంటి ప్రాణిని అనా? నీ పాలకళ్ళు నిన్ను మోసం చేశాయి అనా? మోసం చేసింది ఆ కళ్ళు కాదు. అన్నీ స్పష్టంగా చూసి కూడా రైలెక్కినవి వేరే కళ్ళు.

చెప్పలేదు. కుబుసాన్ని పెట్టెలోనే ఉంచింది. పెట్టెలో దీపం వెలుగుతూనే ఉంది. ఖాళీ పెట్టె అడుగున పలక వెచ్చగానే ఉంది.

"లేచావా ఓరిక్?" కుల్యాష్ ఆపా రోజూ పొద్దున్నే పలకరించేది. "ఈ మధ్య దీనికి బద్ధకం ఎక్కువైందే."

"చలి కదా ఆపా."

తెల్లది పక్క పెట్టెలో ఉంది. తింటుంది. నీళ్ళు తాగుతుంది. ఎర్దెన్ భయపెట్టినంత సుకుమారం కూడా కాదు. దాని తప్పేం ఉంది, పాపం? ఏమీ లేదు. అయినా శోల్పాన్ దాన్ని చేతిలోకి తీసుకోలేకపోయింది. పేరు పెడదామనుకుంటే నోటికి ఒక్క పేరే వస్తోంది... ఆ పేరుగల ప్రాణి మంచులో ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా పట్టుకుంటారు. క్లిప్పులు మళ్ళీ పాత పెట్టెకే బిగించింది.

ఏప్రిల్ వచ్చింది. మంచు కరిగి వాకిలంతా బొగ్గుపొడి కలిసిన నల్లటి బురద. కొట్టం వెనక వెతికింది. బొగ్గు కుప్ప తిరగేసింది. కొట్టాన్ని ఆనుకున్న ఇంటి గోడ కింద పునాది రాళ్ళ మధ్య ఒక సందు కనిపించింది. దాని వెనకే పొయ్యి. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగిలింది.

అక్కడికి చేరి ఉంటే...

రోజూ ఆ మాట దగ్గరే ఆగిపోయేది.

"చెవిపోగు దొరికిందా?" అత్త అడిగేది.

"లేదు ఆపా."

*

మే నెలలో, ఎవరూ అడగకుండానే, కుల్యాష్ ఆపా ఆపరేషన్‌కి ఒప్పుకుంది.

"పాలు పోసి పంపినదాని దీవెన ఉంది కదా. ఇంక భయమెందుకు?"

శోల్పాన్ సంతోషించాలి. సంతోషించింది కూడా. కానీ కట్టు విప్పే ముందు రోజు గాజుపెట్టె మూత తీసి, కుబుసం బయట పడేద్దామని చెయ్యి పెట్టింది. ఉల్లిపొర కంటే తేలిక. పొలుసు పొలుసూ తెలుస్తోంది. ఓరిక్‌ది ఇక మిగిలింది ఇదే. పడేయలేక మూత వేసేసింది.

మర్నాడు ఒక కంటి కట్టు విప్పారు.

"అయ్యో, ఎంత చిక్కిపోయావే!" ముందు కోడలినే చూసింది కుల్యాష్ ఆపా. ఇంటికొచ్చాక అన్నీ చూసింది. గోడ చూసింది. కప్పులు చూసింది. కర్టెన్ పట్టుకుని వెలుతురుకి ఎత్తింది. "ఇంత మురికిగా ఉందా ఇది! ఇన్నాళ్ళూ నన్ను బాగానే మోసం చేశావన్నమాట!" పకపకా నవ్వింది.

నవ్వుతూనే పెట్టె దగ్గరికి వెళ్ళింది.

నవ్వు ఆగింది.

శోల్పాన్ పొయ్యి దగ్గర వెనుదిరిగి నిలబడింది. టీ మరుగుతోంది. పాలు పోయాలి. గిన్నె ఎత్తింది. పోయలేకపోయింది.

వెనక అడుగుల చప్పుడు లేదు. మూత మీది క్లిప్పు ఒకసారి టిక్కుమంది. తీసినట్టు. మళ్ళీ పెట్టినట్టు.

"ఆపా... టీ అయింది."

వచ్చి కూర్చుంది. కప్పు రెండు చేతులతో పట్టుకుంది. సగం తాగింది. కొత్త కంటితో కోడలి చేతుల వైపు చాలాసేపు చూసింది — మార్చిలో పగిలి, మానిన వేళ్ళ వైపు.

"చెవిపోగు దొరకలేదు కదూ," అంది.

"లేదు ఆపా."

*

తెల్లారి శోల్పాన్ లేచేసరికి తలుపు తీసి ఉంది.

కుల్యాష్ ఆపా కొట్టం దగ్గర వంగి ఉంది. చేతిలో పాలగిన్నె. వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, ఒక్కో చుక్కా ఒలకబోసుకుంటూ వస్తోంది. పునాది రాళ్ళ సందు దగ్గర మొదలుపెట్టి గుమ్మం వైపుకి.

పాలు పోసి సాగనంపడం ఆ ఊళ్ళో అందరికీ వచ్చు. పాలు పోసి వెనక్కి పిలవడం ఎలాగో ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

బొగ్గు నేల మీద పాలు పడితే కనిపిస్తాయి.

నలుపు మీద తెలుపు. ఒక్కో చుక్క, ఒక్కో చుక్క... గుమ్మం దాకా.

శోల్పాన్ గుమ్మంలోంచి పక్కకి జరిగింది. తలుపు మాత్రం వేయలేదు.