కరిచే పిల్ల

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. జమ్మలమడుగులో దూది ఏకి పరుపులు కుట్టే అల్లాబక్ష్ చిన్న కూతురు ఖమర్‌బీ ఒక్క వారంలో ముగ్గురిని కరిచింది. మొదట పక్కింటి పిల్లను, తర్వాత బళ్లో తన పలక ముట్టుకున్న అమ్మాయిని, చివరికి పరుపు కోసం వచ్చిన గురమ్మను. గురమ్మ ముంజేతి మీద పళ్ల గాట్లు చూసి తల్లి చాంద్‌బీ సిగ్గుతో చచ్చిపోయింది.

ఆమె చేయనిది లేదు. దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది, చింతబరికెతో కొట్టింది. ఏడేళ్ల పిల్ల దెబ్బలన్నీ తిని, నోరు బిగించుకుని గోడకేసి చూసేది తప్ప ఏడ్చేది కాదు. ఆ ఏడవకపోవడమే చాంద్‌బీకి మరీ మంటగా ఉండేది.

పంతులమ్మ కమలాంబ బడికి పిలిపించింది. "ఇంకోసారి కరిస్తే బడి మాన్పిస్తానంటాండాడు పెద్ద పంతులు. కొట్టి లాభం లేదు చాంద్‌బీ. దానికేందో కోపముంది. చెప్పుకోను రావడంల్యా. నువ్వు అడుగు."

"అడగక ఊరికే ఉండానా పంతులమ్మా? అడిగి అడిగి నా నోరు పడిపోయినాది."

"ఎప్పట్నుంచి ఇట్ల చేస్తాంది?"

చాంద్‌బీ ఆలోచించింది. "పెద్దదాని పెండ్లి అయినాక మొండికేసింది. ఇప్పుడు కరిసేదాకా వచ్చినాది."

పెద్ద కూతురు సైదున్నీసాను మూడు నెలల కిందట పులివెందులకిచ్చారు. ఖమర్‌ను ఎత్తుకు తిప్పిందీ, తల దువ్విందీ, పక్కలో పడుకోబెట్టుకుందీ సైదున్నీసానే. అక్కాచెల్లెళ్లను ఒకసారి కలపమంది కమలాంబ. పరుపుల పని ముమ్మరంగా ఉన్న రోజులు. ఇంటినిండా దూది. విసుక్కుంటూనే చాంద్‌బీ పిల్లను బస్సెక్కించింది. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేదాకా ఖమర్ కిటికీ కమ్మీ పట్టుకుని బయటికే చూసింది.

చెల్లెల్ని చూసి సైదున్నీసా చేతులు చాచి ఎదురొచ్చింది. ఖమర్ ఆమె మీదికి ఉరికి భుజం పట్టి కరిచింది.

"నీ పండ్లు రాలగొడ్తా" అని చాంద్‌బీ చెయ్యెత్తింది.

"ఉండుమా" అని సైదున్నీసా ఆ చెయ్యి పట్టుకుంది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చెల్లెల్ని విదిలించుకోలేదు. వీపు నిమురుతూ నిలబడింది. "నా మీద కోపమా పాపా? ఏం చేసినా నేను?"

పిల్ల పట్టు వదిలింది. మూడు నెలల్లో మొదటిసారి గొల్లుమంది. "నీళ్లు తెమ్మంటివి. నేను తెచ్చేలోపల పోతివి."

"నేనా? నేను యాడ తెమ్మన్నా?"

చాంద్‌బీకి అప్పుడు గుర్తొచ్చింది. అప్పగింతల రోజు చిన్నది పట్టుకుని వదలదని, రాగం తీస్తుందని, "అక్కకు దాహమంట, చెలమ నీళ్లు తే పో" అని పక్కింటామె వెంట పెన్న ఇసుకలోకి తోలింది తనే. వచ్చాక "రేపొస్తాది" అంది. ఆ తర్వాత "ఎల్లుండి" అంది. కొన్నాళ్లకు పిల్ల అడగడం మానేస్తే, మరిచిపోయిందిలే అని ఊపిరి పీల్చుకుంది.

సైదున్నీసా తల్లి వైపు తిరిగింది. "పాప యాడుందిమా అని ఆ పొద్దు నేనడిగితే, నిద్ర పోతాందంటివి."

"ఏడుస్తాదని..." అంది చాంద్‌బీ. చెప్పక తప్పలేదు. "అక్క అనల్యా ఖమరూ. నేనే అబద్ధం చెప్పినా."

ఖమర్ తల్లి వైపు చూసింది. "నీ మీద కోపం నాకు" అంది.

చాంద్‌బీకి ఒళ్లు మండింది. ఇంటినిండా పని వదులుకుని వస్తే ఈ మాటా. చెయ్యి దురద పెట్టింది. ఆ చెయ్యిని కొంగులో చుట్టుకుని, "కోపపడు. ఎంతన్నా పడు. కరవాకు, అంతే" అంది.

మర్నాడు బస్సుకు ముందే నిజం చెప్పేసింది. "మనిద్దరమే పోతాండాం. అక్క రాదు. పండగకు వస్తాది." ఖమర్ నేలమీద పడి పొర్లింది. బస్సులోనూ ఏడుపే. ఊరుకో అన్న మాట పదిసార్లు నాలుక దాకా వచ్చింది చాంద్‌బీకి. మిఠాయి కొనిస్తే ఊరుకుంటుందని ముందు సీటు పెద్దాయన సలహా ఇచ్చాడు. "అక్కను ఇడిసొచ్చినాదప్పా, అందుకు ఏడుస్తాంది" అని చెప్పి, చాంద్‌బీ పిల్లను ఒళ్లోకి లాక్కుంది. ఆ ఏడుపుకు తన తల పగిలిపోతోంది. ముద్దనూరు దాటాకే పిల్ల నిద్రపోయింది.

పదిరోజులకు మళ్లీ బడినుంచి పిలుపు. చేతిలో పని పారేసి, తిట్టుకుంటూ పోయింది చాంద్‌బీ. ఖమర్ తన పలకను నేలకేసి కొట్టి మూడు ముక్కలు చేసింది.

"కోపమొచ్చినాది" అంది పిల్ల, ఎవరూ అడక్కముందే. "ఎవురినీ కరవల్యా."

కమలాంబ నవ్వు ఆపుకుంది. చాంద్‌బీకి నవ్వు రాలేదు. పలకలు ఊరికే వస్తాయా, దుడ్లు చెట్లకు కాస్తాండాయా అని సగం దారి పిల్లను తిడుతూనే నడిచింది. బజారు దాటాక అలసిపోయి ఆగింది.

"ఇంతకీ ఎవరి మీదే అంత కోపం?"

ఖమర్ చెప్పడం మొదలుపెట్టింది. ఎవరేమన్నారో, తానేమందో, తర్వాత ఏం జరిగిందో. ఇల్లు వచ్చినా అది అయిపోలేదు. చాంద్‌బీ గడపమీదే కూలబడి వింది.