ఒకదాని కింద ఇంకొకటి

ముత్తంగి చౌరస్తాలో ప్రేమలత జిరాక్స్ దుకాణానికున్న ఈమెయిల్ ఆమె ఒక్కదానిదే కాదు. చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే నలభై మందిదీ అదే. పాస్‌వర్డులు గుర్తుంచుకోవడం మావల్ల కాదంటూ దరఖాస్తుల్లో అందరూ ఆమెదే రాయించారు. రోజూ పొద్దున్నే మెయిల్ డబ్బా తెరిచి, ఎవరి ఉత్తరం వాళ్లకు కాగితం తీసి గోడకు క్లిప్పు పెట్టేది. ఎనిమిదేళ్లలో ఒక్కటీ తప్పిపోలేదని కాస్త గర్వంగానే చెప్పుకునేది, పాపం.

కిందటి నెల ఆ ఈమెయిల్ కొత్త సోకులు నేర్చింది. ఒకే చోటి నుంచి వచ్చిన ఉత్తరాలను ఒక వరుసలో కలిపేసి, పైన రెండు ముక్కల్లో సారాంశం చెప్పసాగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, ఈ కంపెనీలు అడక్కుండానే వడ్డిస్తాయి. పని తగ్గిందని ప్రేమలత సంబరపడింది కూడా.

సోమవారం సంగప్ప వచ్చాడు. పదకొండేళ్లుగా ఒకే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర కాంట్రాక్టు పని. పర్మినెంటు కావాలంటే వయసు ముప్పై అయిదు దాటకూడదు. వచ్చే నెలతో అతనికి దాటుతుంది.

"అక్కా, మా కొలిమికాడి నర్సింగ్‌కు పర్మినెంటుకు మెడికల్ పరీక్ష అయిందంట. శనివారం నా పేరు గూడ మూడుసార్లు పిలిసిన్రంట. నాకైతే కాయితం రాలే గద?"

ప్రేమలత గబగబా ఈమెయిల్ తెరిచి చూసింది. నర్సింగ్ ఉత్తరం పక్కన చిన్నగా రెండు అని అంకె ఉంది. నొక్కితే కింద ఇంకొకటి. అదే ఫ్యాక్టరీ, అదే రోజు, అవే మాటలు. లోపలి కాగితంలో పేరొక్కటే వేరు, సంగప్పది.

ఫ్యాక్టరీకి ఫోన్ చేసి బతిమాలింది.

"మేం పంపాం మేడం. మీరు తెరిచినట్టు కూడా చూపిస్తోంది. లిస్టు పైకెళ్లిపోయింది, ఇక మా చేతుల్లో లేదు."

సంగప్ప తిట్టినా బాగుండేదని ఆమెకు ఏడుపొచ్చింది.

"ఇది నా తప్పే తమ్మీ."

"నీదెట్లయితదక్కా? మిషన్ గట్ల జేసింది."

అంతలో తెర మీద ఓ చీటీ తేలింది. 'కొత్త సదుపాయం మీకెలా ఉంది?' కింద అయిదు ముఖాల బొమ్మలు. ప్రేమలత ఏడుపు బొమ్మ నొక్కి, కింది గడిలో సంగప్ప సంగతంతా రాసింది. వయసు, పదకొండేళ్లు, మూడుసార్లు పిలిచిన పేరు, అన్నీ. పంపగానే జవాబొచ్చింది. 'మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. విడివిడిగా బదులివ్వలేము.'

"ఏమన్నరక్కా?" కౌంటర్ మీదికి వంగి ఆశగా అడిగాడు సంగప్ప.

"మంచిదన్నరు," అంది, అతని మొహం చూడలేక.

"అయితె గా ఏడ్పు బొమ్మ నేను గూడ ఒత్తుతనక్కా. ఇద్దరం ఒత్తితె మల్ల పిలుస్తరేమో."

తెర మీద బొమ్మలు అప్పటికే పోయాయి. అయినా ఆమె మౌస్ అతని చేతికిచ్చింది.