మడతబల్ల దగ్గర పదకొండు నిమిషాలు

ముప్పై ఏళ్లుగా ఆడవాళ్ల పనుల మీద డాక్యుమెంటరీలు తీస్తున్నాను. ఎదుటి మనిషి చేత మాట్లాడించడంలో నాది అందెవేసిన చెయ్యి అని నలుగురూ అంటుంటే, కాదనకుండా తలాడించేదాన్ని. ఆ పొగరు దిగి పదిహేనేళ్లయింది.

అప్పుడు ఒక ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే ఆడవాళ్ల మీద మూడేళ్లు పట్టి సినిమా తీశాను. నాకొక నియమం ఉంది. మొదటి ఆట అందులో ఉన్నవాళ్లకే. ఎవరు ఏ ముక్క తీసేయమన్నా తీసేస్తాను, కారణం అడగను. మా ఎడిటరు దీన్ని కొరివితో తల గోక్కోవడం అనేది.

ఆ మధ్యాహ్నం లాండ్రీ భోజనాల గదిలో గోడకి దుప్పటి కట్టి సినిమా వేశాం. తొమ్మిదిమంది వచ్చారు. తెర మీద తనని తాను చూసుకుని ఒకావిడ, "అమ్మో, నేనింత లావున్నానా?" అంది. "కెమెరాని ఆడిపోసుకోకు," అంది పక్కావిడ. అందరూ పకపకా నవ్వారు. నేను మాత్రం తెర వదిలేసి వాళ్ల మొహాలే చూస్తున్నాను. నా భయమంతా మడతక్క గురించే.

ఇరవై ఏళ్లుగా దుప్పట్లు మడతపెడుతోంది కాబట్టి అందరికీ ఆవిడ మడతక్కే. సినిమాలో పదకొండు నిమిషాలు, చేతులు ఆపకుండా తన కథ చెబుతుంది. చంటిపిల్లని చంకనేసుకుని మొగుడింటి నుంచి ఎలా వచ్చేసిందో, మొదటిరోజే ఆవిరికి చేతులు కాలి పని మానేద్దామనుకుని, ఎందుకు మానలేదో. సినిమా అంతా ఆ ముక్క మీదే నిలబడింది.

ఆట అయ్యాక మిగతావాళ్లు పనిలోకి వెళ్లారు. మడతక్క ఆగింది.

"నేను చెప్పిన ఆ ముక్క తీసెయ్యమ్మా."

వారంలో ప్రదర్శన ఉంది. సిగ్గు విడిచి నా నియమం నేనే తప్పాను.

"ఎందుకక్కా?"

"అది సినిమా కోసం చెప్పలేదు. ఆరోజు నువ్వెలా వచ్చావో గుర్తులేదా? కళ్లు వాచిపోయి, మొహం పీక్కుపోయి. ఇదే నా ఆఖరి షూటింగు అని మీ సౌండు పిల్లతో గుసగుసలాడావు. ఈ మిషన్ల మోతలో మేం పెదాలు చూసే మాటలు పోల్చుకుంటాం. నిన్ను ఆపాలని చెప్పాను గానీ, ఊరందరికీ చెప్పాలని కాదు."

అప్పటికి ఏడాదిన్నర కిందటి మాట అది. ఇల్లో కెమెరానో తేల్చుకోమని మా ఆయన అన్న మర్నాడు. కెమెరా వదిలేద్దామనే అనుకున్నాను. ఆవిడ మాటలు విని ఇంటికెళ్లి, వదలనని చెప్పాను. ఆ కథని నా నేర్పుతో రాబట్టానని అన్నాళ్లూ మురిసిపోయాను. తీరా చూస్తే ఆ పదకొండు నిమిషాల్లో నేనడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు.

"తీసెయ్," అన్నాను, లాప్‌టాప్‌లో సినిమా వేసిన ఎడిటరుతో.

"సినిమా కుంటుతుంది."

"కుంటనీ."

తీసేసేదాకా మడతక్క అక్కడే నిలబడి చూసింది. నడిమధ్య ఏదో లోటుందని తర్వాత విమర్శకులు రాశారు. నిజమే. ఆ లోటు చూసినప్పుడల్లా నాకు ఆవిడకి చేతులు జోడించాలనిపిస్తుంది. ఆ తర్వాత తీసిన తొమ్మిది సినిమాలూ ఆవిడ పెట్టిన భిక్షే.

మడతక్క వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మరి ఇంట్లో ఏమైంది? అప్పట్నుంచీ అడుగుదామనుకుంటున్నా. ఎప్పుడు చూసినా కెమెరా వెనక ఉంటావు."

మూడేళ్లు ఆవిడని ప్రశ్నలడిగిన నేను, ఒక్క ప్రశ్నకి ఏడ్చేశాను.

"ఆయన వెళ్లిపోయాడక్కా. నేను ఈ పనిలో ఉండిపోయాను. నీవల్లే."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అయితే బాగానే చెప్పానన్నమాట," అంది.