అడుగు మాడు

"అడుగున ఉండేదాంట్లోనే బలమంతా ఉంటాది. మన ఆడోళ్లకు ఆ మర్మం బాగా తెలుసు. అందుకే చూడండి, గిన్నె గీరుకోని గీరుకోని తింటారు!"

వీరభద్రారెడ్డి ఫోను వైపు చూసి పకపకా నవ్వాడు. ఆ ఫోను పట్టుకుని నిలబడింది ఆయన భార్య మధులత. కుడిచెయ్యి పైకి లేవదు, సంగటి కెలికీ కెలికీ భుజం పట్టేసి ఆరునెలలైంది. అందుకని ఎడమచేత్తో పట్టుకుంది. స్టాండు కొనుక్కుందామంటే, "స్టాండు మీద పెడితే వీడియోలో జీవం ఉండదు మే" అన్నాడు. జీవమున్న స్టాండు ఇంట్లోనే ఉండగా డబ్బు పోసి ఇంకొకటి కొనడం ఎందుకులే అని ఆయన లెక్క.

కడపలో ఆయనది పురుగుమందుల అంగడి. వారమంతా వేంపల్లె వైపు రైతులకు డబ్బాలకు డబ్బాలు మందులు అమ్ముతాడు. ఆదివారం పొద్దున ఏడింటికి మాత్రం ఫోను ముందు కూర్చుని విషం లేని ఇంటి తిండి గురించి లోకానికి బోధిస్తాడు. ఏమప్పా, ఈ రెంటికీ పొత్తు కుదిరిందా అని అడిగినవాడు లేడు. రెండేళ్ల కిందట ఆయనకు సుగరు బయటపడింది. ఆ పొద్దు ఏడ్చాడు. నలభై ఏడేళ్లకే కాలో కన్నో పోతుందని నిజంగానే ఏడ్చాడు. మధులత ఆయన కళ్లు తుడిచింది. "మీరేం దిగులు పడొద్దు, ఏది వండమంటే అది వండిపెడతా" అంది. ఆ ఒక్క మాటే ఆమె కొంప ముంచింది.

మిక్సీ అటకెక్కింది. ఫ్రిజ్ అమ్ముడుపోయింది. వేంపల్లె దగ్గరి పాత ఇంట్లోంచి విసుర్రాయి ఆటోలో దిగింది. మిషన్లో పట్టిస్తే పిండి వేడెక్కి బలం పోతుందట, చేత్తో విసిరితే ఉంటుందట. ఎవరి బలం పోతుందో, ఎవరికి ఉంటుందో ఆయన చెప్పలేదు. తెల్లారకముందే లేచి రాగులు విసరాలి, కొర్రలు నానబెట్టాలి, చెనగ్గింజలు వేయించి రోట్లో ఊరిమిండి పచ్చడి నూరాలి, మజ్జిగ చిలకాలి, నూకలు ఉడికాక రాగిపిండి పోసి గిన్నెను కాళ్లతో అదిమిపట్టి కట్టెతో కెలకాలి. ఇంటి తిండి, ఇంటి తిండి అంటారు అందరూ. ఇల్లు లేచి వండుతుందా? రెండేళ్లకు ఆయన సుగరు దిగింది, పొట్ట తగ్గింది, ముఖం కళకళలాడింది. "మీ పట్టుదలకు దండం రెడ్డిగారూ" అని జనం రాశారు. ఆ మాటలు ఆమెకే చదివి వినిపించాడు.

ఇంట్లో ఇంకో చట్టం కూడా వచ్చింది. కొలిచి వండాలి, మిగలకూడదు. చద్ది విషమని పిండి తానే గ్లాసుతో కొలిచి ఇచ్చి అంగడికి పోతాడు. ఆ కొలతకు ఆరు ముద్దలు అవుతాయి. ఆయనకు రెండు, ఇంటరు చదివే కొడుకు భూపేష్‌కు రెండు, అత్త లక్ష్మీదేవమ్మకు ఒకటిన్నర. మిగిలిన సగం ముద్ద, గిన్నె అడుగున పట్టిన మాడు మధులతకు. ఇంకో అరగ్లాసు పొయ్యమని ఒకసారి అడిగింది. "ఇంట్లో ఉండే ఆడదానివి, యాడికి పోవాల అదంతా? బస్తా మాదిరి అవుతావు" అన్నాడు. పక్కనుంచి అత్త అందుకుంది. "మేమంతా మాడు తినే గదమ్మా పిల్లోళ్లను కన్యాం. మాకేమన్నా అయిందా?"

కూతురు హర్షిణి తొమ్మిదో తరగతి. పెద్దమనిషి కాకముందు నాయన పక్కన కూర్చుని ఆయన ముద్దలోనే తినేది. అయ్యాక జేజి లక్ష్మీదేవమ్మ దాని అన్నం తట్ట వంటింట్లోకి జరిపించింది. "ఇంక ఆడపిల్లవు. మగోళ్లు తిన్యాక తినాల. రేపు అత్తగారింట్లో ముందుగా కూర్చుంటే నన్నంటారు" అంది. గుడ్డు వేడి అని గుడ్డు కూడా ఆపించింది. మధులత ఎదురు చెప్పలేదు. చెప్పకపోవడమే కాదు, సిగ్గు విడిచి చెప్పాలంటే లోలోపల కాస్త సంతోషపడింది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు, తనతో కూర్చుని తినడానికి ఒక మనిషి దొరికింది కదా. మాడును రెండు ముక్కలు చేసి పెద్దది కూతురికి పెట్టేది. ఎంత మంచి తల్లినో అనుకునేది. "పండ్లు నొస్తాండాయి మా" అని ఆ పిల్ల అంటే హాల్లోంచి తండ్రి అరిచేవాడు. "ముద్దయితే మింగాల, మాడయితే నమలాల! నమిలేకొద్దీ బలం!"

ఆ పిల్ల దొంగతనం మొదలుపెట్టింది. బియ్యం దొంగతనం. సంగటికని పెట్టిన నూకల డబ్బా వారం తిరక్కుండా అడుగంటుతుంటే మధులతకు అర్థం కాలేదు. యూనిఫాం ఉతకబోతే జేబులో నూకలు. వద్దని చెవి మెలేసింది, అయినా మానలేదు. ఒకరోజు తండ్రి కంటబడింది. ఆదివారం ఆ పిల్లను పక్కన నిలబెట్టుకుని ఫోను ముందు మొదలుపెట్టాడు. "చూడండి, తెల్లబియ్యం ఎంత పాడు అలవాటో! అది మత్తుమందు లాంటిది. నా కూతురే నా ఇంట్లో దొంగగా తింటాంది. చెప్పు మే, ఇంక తిననని అందరికీ చెప్పు."

హర్షిణి చెప్పింది. ముక్కు ఎగబీలుస్తూ, నేల చూస్తూ చెప్పింది. "తల పైకెత్తి చెప్పు" అంటే తల ఎత్తి మళ్లీ చెప్పింది. మరుసటి రోజు బడిలో ఆ పిల్ల పేరు బియ్యం దొంగ. ఆ వీడియో కదలకుండా, ముఖం సరిగ్గా కనిపించేట్టు తీసింది ఎవరనుకున్నారు? కన్నతల్లే.

ఆ తర్వాత వీరభద్రారెడ్డికి ఇంకో ఆలోచన తట్టింది. రెండేళ్ల ఇంటి తిండితో ఇంటిల్లిపాది రక్తం ఎట్లా ఉందో పరీక్ష చేయించి, ఆ కాగితాలు అందరి ముందూ విప్పి చదవాలి. అంతకంటే రుజువు ఏముంటుంది? ల్యాబు నుంచి ఆరాధన అనే అమ్మాయి వచ్చి అందరికీ సూది గుచ్చి రక్తం తీసుకుంది. హర్షిణి దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి చెయ్యి ఆగింది. కంటి కింది రెప్ప లాగి చూసింది. గోళ్లు చూసింది. మధులత కన్ను కూడా లాగి చూసింది.

"అక్కా, పాప బియ్యం, సున్నం, బలపాలు ఇట్లాంటివేమన్నా తింటాదా?"

"నూకలు తింటాది. ఎంత కొట్టినా మానదు."

"కొట్టొద్దక్కా. అది అలవాటు కాదు. రక్తం లేకపోతే ఒళ్లు అట్లనే అడుగుతాది. మీరిద్దరూ ఏం తింటాండారు?"

"వాళ్లు తినేదే" అంది మధులత. అన్నాక ఆ మాట ఆమెకే అబద్ధంగా వినిపించింది.

ఆదివారం ఏడింటికి ఆయన తెల్లచొక్కా వేసుకుని కవర్లు ముందు పెట్టుకున్నాడు. ఆమె ఫోను పట్టుకుంది. తన కాగితం విప్పి, "హిమోగ్లోబిన్ పధ్నాలుగు పాయింట్ ఎనిమిది!" అని చదివాడు. భూపేష్‌ది పధ్నాలుగు. "మాయమ్మకు డెబ్బై రెండేండ్లు, ఆయమ్మకే పన్నెండు దాటింది, అదీ సంగటి మహిమ!" అన్నాడు. నాలుగో కవరు విప్పాడు. చూశాడు. ఐదోదీ విప్పి చూశాడు. ఆయన కళ్లు ఒక్క క్షణం ఫోను పైకి లేచి, ఫోను వెనకున్న మనిషిని కొరకొరా చూశాయి. ఆ చూపు వీడియో చూసేవాళ్లకు అర్థం కాలేదు, ఆమెకు తగిలింది. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని నవ్వాడు. "మా ఇంటి ఆడోళ్లవి కూడా పదమూడు చిల్లర. చూసినారు గదా, వండే చేతికి కూడా బలమే!"

ఫోను ఆపగానే కాగితాలు ఆమె ముఖాన కొట్టాడు. ఆమెది ఏడు పాయింట్ రెండు. హర్షిణిది ఆరు పాయింట్ నాలుగు.

"నా పరువు తీయను పుట్టినారా తల్లీకూతుళ్లు? ఒకే గిన్నెలో తింటాండాం గదే! మాకు పట్టింది మీకెందుకు పట్టలే? దొంగతిండ్లు తింటే ఇట్లనే ఏడుస్తాది!"

"ఒకే గిన్నె" అనుకుంది మధులత. అంతే, అది ఒకే గిన్నె. పైనుంచి తినుకుంటూ వస్తే పధ్నాలుగు, అడుగుకు పోతే ఆరు.

సాయంత్రం ఆరాధన ఫోను చేసింది. "అక్కా, మీ వీడియో చూసినా. పదమూడంట! నేనేం మాట్లాడాల? నీది మందులతో సర్దుకోవచ్చు. పాపకు ఆరున్నర కూడా లేదు, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. రేపే ఆస్పత్రికి తీసకరా. గుండె మీద పడితే ఏం చేస్తావు?"

ఆ మాట భర్తకు చెప్పింది. బతిమాలింది, కాళ్లు పట్టుకుంది. "ఇప్పుడు ఆస్పత్రికి పోతే అందరికీ తెలుస్తాది. నెలాఖరుకు ఇంటి తిండి సభలో నాకు సన్మానం ఉండాది, అది కానీ. అందాక బెల్లం పెట్టు" అన్నాడు. అత్త కూడా, "వయసుకొచ్చిన పిల్లకు రక్తం ఎక్కించినారంటే రేపు ఎవడన్నా చేసుకుంటాడా?" అంది. మంగళవారం హర్షిణి బడి మెట్ల మీద కళ్లు తిరిగి పడింది. నొసలు చిట్లింది. ఇరుగుపొరుగు అడిగితే తలుపు తగిలిందని చెప్పమన్నాడు తండ్రి.

మధులత ఆ దెబ్బకు పసుపు అద్దుతూ కూర్చుంది. చిట్లినచోట రక్తం కూడా నీళ్ల మాదిరి పలచగా ఉంది. ఎవరి మీద కోపం రావాలో ముందు ఆమెకు తెలియలేదు. కొలిచింది ఆయనే. తట్ట జరిపింది అత్తే. వడ్డించింది ఎవరు? ఈ చెయ్యే కదా, ఈ పట్టేసిన చెయ్యే కదా ఏడాదిగా రోజూ రెండుపూటలా మాడు విరిచి బిడ్డ నోటికి అందించింది. తనకు తోడు దొరికిందని మురిసిపోయింది కూడా. నా బిడ్డను నేనే ఎండగట్టుకున్నానే అని గోడకు తల కొట్టుకోవాలనిపించింది. కొట్టుకోలేదు. తల పగిలితే ఉన్న ఏడూ పోతుంది, బిడ్డను ఎవరు మోసుకుపోతారు?

బుధవారం మళ్లీ ఫోను ముందు కూర్చోవాల్సిన పని పడింది. సన్మానం చేసేవాళ్లు వీరభద్రారెడ్డి పొద్దుటి భోజనం ఎట్లా ఉంటుందో చూపించమని అడిగారట. ఏడింటికి మొదలని ముందే ప్రకటించాడు.

ఆ పొద్దున మధులత ఎప్పటి పిండే కెలికింది, ఎప్పటి ఆరు ముద్దలే చేసింది. కూతుర్ని లేపి వంటింట్లో పీట వేసి కూర్చోబెట్టింది. వేడి ముద్ద మీద నెయ్యి వేసి, రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టింది.

"మా, నాయన ఇంకా తినల్యా" అంది హర్షిణి గుసగుసగా.

"తిను."

తనూ కూర్చుంది. పెళ్లయినాక సంగటి ముద్ద పొగలు కక్కుతుండగా తినడం అదే మొదలు. గొంతులోంచి వేడిగా జారుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత రుచిగా ఉంటుందా నేను చేసేది! ఆ పిల్ల రెండు తినింది, తల్లి రెండు తినింది. అత్త మంచం దగ్గరికి ఒకటి, భూపేష్‌కు ఒకటి పంపింది. "ఇదేంది, ఒకటే ముద్దనా?" అని ముసలామె దీర్ఘం తీసింది. "మీ కాలంలో మాడు తిని బతికినారు గదత్తా, ఇది ముద్ద" అని మధులత వచ్చేసింది.

ఆయన స్నానం చేసి, తెల్లచొక్కా వేసుకుని, అరిటాకు ముందు కూర్చున్నాడు. ఫోను ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని విసుర్రాయి మీద నూనెసీసాకు ఆనించి నిలబెట్టింది. మీట నొక్కింది. ఎర్రచుక్క వెలిగింది. చేరేవాళ్లు చేరుతున్నారు, నమస్కారాలు పెడుతున్నారు. గిన్నె తెచ్చి, అట్లకాడతో కరకరా గీరి, నల్లగా పట్టిన మాడు మొత్తం ఊడదీసి ఆయన ఆకులో వేసింది. పక్కన కాస్త ఉప్పు.

ఆయన ముఖం నవ్వుతూనే ఉంది. పళ్ల సందులోంచి, "ఏందే ఇది?" అన్నాడు.

"బలమంతా అడుగునే ఉంటాదని మీరే గదా చెప్పినారు" అంది ఆమె, ఫోనుకు వినపడేంత గట్టిగానే. "రెండువేల మంది చూస్తాండారు. తినండి."

చెప్పులేసుకుని కూతురి చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చింది. సంచిలో రెండు కాగితాలు, ఒక జత బట్టలు ఉన్నాయి. ఆస్పత్రికని ఆటో ఎక్కారు. హర్షిణి తల్లి భుజానికి ఆనుకుని, తల్లి ఫోను తీసి నాయన ఏం చేస్తున్నాడో చూసింది.

"మా, తింటాండాడు మా. శానా బలమని చెప్తా తింటాండాడు. నమల్లేకపోతాండాడు."

మధులత ఫోను వైపు తిరగలేదు. బిడ్డ నొసటి మీద పసుపు ఆరిందేమోనని తాకి చూసింది.

"నమలనీ" అంది.